నగరం నడిబొడ్డున మూతబడ్డ అరీనా: నిలబెట్టాలా, పడగొట్టాలా?

ప్రశ్న

1966లో కట్టిన ఇండోర్ అరీనా ఇది. 8,000 సీట్లు. పైకప్పుకి స్టీలు ట్రస్సులు, అంటే కడ్డీలు కలిపి అల్లిన దూలాలు. ఒక్కోటి 84 మీటర్ల పొడవు, తొమ్మిది మీటర్లకొకటి. గ్యాలరీ దూలాలు అక్కడే పోసిన కాంక్రీటు, కూర్చునే మెట్లు మాత్రం ప్రీకాస్టు, అంటే వేరేచోట పోసి తెచ్చినవి. ఆటస్థలం వీధి మట్టానికి 6 మీటర్ల దిగువన ఉంది. మొదట ఐస్ హాకీ కోసం కట్టారు కాబట్టి నేల స్లాబులో ఐస్ గడ్డకట్టించే గొట్టాలు, పక్క గదిలో దానికి అమ్మోనియా ప్లాంటు ఉన్నాయి. ఊరి అంచున కొత్త అరీనా వచ్చాక దీనికి తాళం పడి రెండేళ్లు. వానొస్తే మూడు నాలుగు చోట్ల కారుతోంది. గ్యాలరీ అడుగున పెచ్చులూడి కమ్మీలు బయటపడ్డాయి. ఆటస్థలం నేల కూడా ఈమధ్యే పగిలింది.

ఉంచాలనేవాళ్లు ఒక నివేదిక తెచ్చారు, పడగొట్టాలనేవాళ్లు ఇంకోటి తెచ్చారు. రెండిట్లోనూ ఫొటోలు బోలెడు, కొలతలు మాత్రం లేవు. వయసు 60కి దగ్గరపడింది కాబట్టి ఆయుష్షు తీరిందని ఒకరు, ఇంకో 60 ఏళ్లు నిలుస్తుందని ఇంకొకరు.

అడగదలచుకున్నవి మూడు. ఇలాంటి భవనంలో ముందు ఏది పరీక్షించాలి? ఏ ఫలితం వస్తే ఇక లాభం లేదని తేల్చుకోవచ్చు? పడగొట్టడం నిజంగానే చవకా?


జవాబు 1 (స్ట్రక్చరల్ ఇంజినీరింగ్)

పెచ్చులూడిన కాంక్రీటు ఫొటోలు కాసేపు పక్కన పెట్టండి. చూడగానే గుండె జారేది అదే, బాగుచేయడం తేలికైనదీ అదే. ఈ రకం భవనాల తలరాత రాసేది పైకప్పు.

వయసు గురించి ముందు ఒక మాట. అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ సివిక్ సెంటర్ అరీనా పైకప్పు 1978 జనవరి 18 తెల్లవారుజామున మంచు బరువుకి మొత్తం కూలింది. అప్పటికి దాని వయసు మూడేళ్లు. దాదాపు 5,000 మంది ఆట చూసి వెళ్లిన కొన్ని గంటలకే కూలింది కాబట్టి ప్రాణాలు దక్కాయి. కాన్సస్ సిటీలోని కెంపర్ అరీనా పైకప్పు 1979 జూన్ 4న గాలివానలో పడింది. దాని వయసు దాదాపు ఐదేళ్లు. అదే టొరంటోలో 1931లో కట్టిన మేపుల్ లీఫ్ గార్డెన్స్ ఇప్పటికీ నిలబడి ఉంది, రోజూ జనంతో కిటకిటలాడుతోంది. కాబట్టి 60 అనే అంకె మీద వాదించుకోవడం దండగ.

ఆ రెండు కూలడాలూ ఏం నేర్పాయో చూడండి. హార్ట్‌ఫర్డ్‌లో ఒత్తిడి మోసే పై కడ్డీలకు నడుమ ఉండాల్సిన పక్క ఆధారం లెక్కలో ఉంది, కట్టుబడిలో సరిగ్గా లేదు. కడ్డీ విరగలేదు, పక్కకు వంగి లొంగిపోయింది. కట్టేటప్పుడే మధ్యలో వంగుడు లెక్కకు రెట్టింపు కనిపించినా పట్టించుకోలేదు. కెంపర్‌లో పైకప్పుని బయటి ట్రస్సులకు వేలాడదీసిన చోట అధిక బలం బోల్టులు వాడారు. గాలికి ఏళ్ల తరబడి అటూ ఇటూ ఊగి అవి అలసిపోయాయి. దానికి తోడు ఆ రోజు పైన నీళ్లు నిలిచాయి. నీటి బరువుకి కప్పు కాస్త వంగుతుంది, ఆ గుంటలో ఇంకొన్ని నీళ్లు చేరతాయి, మళ్లీ వంగుతుంది. 100 మిల్లీమీటర్ల నీళ్లంటే చదరపు మీటరుకి 100 కిలోలు. వెయ్యి చదరపు మీటర్లలో నిలిస్తే 100 టన్నులు.

మీ దగ్గర మూడు నాలుగు చోట్ల కారుతోందంటే, కారడం కంటే ముందు అడగాల్సింది అక్కడ నీళ్లు నిలుస్తున్నాయా అని. వాన వెలిసిన మర్నాడు ఎవరినైనా పైకెక్కించి గుంటలకు చాక్‌పీసుతో గీతలు గీయించండి. ఆరిపోయినా మురికి వలయం మిగులుతుంది. ఆ వలయం కింద ట్రస్సు మధ్య భాగం ఉంటే టోటల్ స్టేషన్ (సర్వే పరికరం)తో ప్రతి ట్రస్సుకీ కనీసం ఐదు చోట్ల మట్టం తీయించి, ఒకదానితో ఒకటి పోల్చండి. అన్నీ ఒకేలా జారి ఉంటే పెద్ద భయం లేదు. పక్కవాటికంటే ఒక్కటే 40, 50 మిల్లీమీటర్లు కిందికి ఉంటే దాని అతుకులు విప్పి చూడాల్సిందే.

తర్వాత ఎవరూ చేయని పని: పైకప్పు పొరలు తూచడం. 60 ఏళ్లలో కారినప్పుడల్లా పాతది తీయకుండా దాని మీదే కొత్త పొర వేసి ఉంటారు. నాలుగైదు చోట్ల 300×300 మిల్లీమీటర్ల ముక్క డెక్కు (పొరల అడుగున ఉండే కప్పు పలక) దాకా కోసి, తూచి, చదరపు మీటరు లెక్కకి మార్చండి. అసలు డ్రాయింగులో ఉన్నదానికంటే 30 కిలోలు ఎక్కువ తేలిందనుకుందాం. ఒక్కో ట్రస్సు మోసేది 84×9, అంటే 756 చదరపు మీటర్లు. అదనపు బరువు ట్రస్సుకి దాదాపు 22.7 టన్నులు. ఇలా పరుచుకున్న 22.7 టన్నులు ట్రస్సు నడుమ కలిగించే వంచే బలం (బెండింగ్ మూమెంట్), నడిమధ్య వేలాడదీసిన 11 టన్నుల వంచే బలంతో సమానం. పెద్ద కచేరీకి కప్పుకి వేలాడదీసే సామాను 45 టన్నులుండి నాలుగు ట్రస్సుల మీద పడితే ఒక్కోదానికి వచ్చేది సరిగ్గా ఆ 11 టన్నులే. అంటే "కచేరీలకు పనికిరాదు" అని కొట్టేసిన పైకప్పు, పాత పొరలు ఒలిచేస్తే పనికొచ్చే అవకాశం ఉంది. ఇక్కడొక మెలిక కూడా ఉంది. పరుచుకున్న బరువుకి ట్రస్సు నడుమనున్న ఏటవాలు కడ్డీల్లో బలం దాదాపు సున్నా. వేలాడదీస్తే వాటి మీద పడుతుంది. పై, కింది కడ్డీలు చూసి సరే అనేయకుండా ఆ నడిమి ఏటవాలు కడ్డీలు విడిగా లెక్క కట్టాలి.

ఒత్తిడి కడ్డీ చాలకపోతే కంగారేం లేదు. సన్నటి పొడుగు కడ్డీకి సరిగ్గా సగంలో పక్క ఆధారం కట్టితే వంగకుండా తట్టుకునే బలం నాలుగు రెట్లవుతుంది. వెల్డింగు మాత్రం తొందరపడి చేయించొద్దు. 1960ల నాటి స్టీలులో కార్బన్ ఎక్కువుంటే వెల్డు పక్కనే పగులుతుంది. బరువు తక్కువ పడేచోట చిన్న ముక్క కోసి ల్యాబుకి పంపి రసాయన విశ్లేషణ, లాగుడు పరీక్ష రెండూ చేయించాకే వెల్డా బోల్టా తేల్చండి.

ఇక కాంక్రీటు. మెట్ల పైన ఏమీ తెలియదు, మెట్ల కింద చూడాలి. ప్రీకాస్టు మెట్ల మధ్య సీలెంటు ఎండిపోయి, 60 ఏళ్ల కడుగునీళ్లు, ఒలికిన కూల్‌డ్రింకులు ఆ సందుల్లోంచి దిగి మెట్టు ఆనుకునే అంచు మీదే చేరతాయి. ఆ అంచు నుంచి 100 మిల్లీమీటర్ల వ్యాసం గుండ్రటి ముక్కలు (కోర్లు) తీయించండి. అప్పుడే పగలగొట్టిన ముఖం మీద ఫినాల్ఫ్తలీన్ అనే రసాయనం చల్లితే గులాబీ రంగు వచ్చినచోట కాంక్రీటు ఇంకా కమ్మీని కాపాడుతున్నట్టు, రంగు రానిచోట కాపాడటం మానేసినట్టు. కమ్మీ పైన కాంక్రీటు కవరు 20 మిల్లీమీటర్లుండి రంగు రాని పొర 25 ఉంటే తుప్పు మొదలైపోయిందనే. కమ్మీ వోల్టేజీ కొలిచే హాఫ్‌సెల్ పరీక్షలో రాగి-కాపర్ సల్ఫేట్ కొలమానం మీద మైనస్ 350 మిల్లీవోల్టుల కంటే కిందికి పోతే అక్కడ తుప్పు నడుస్తోందనడానికి 90 శాతం అవకాశం. అలాంటి చోట్లు గ్యాలరీలో అక్కడక్కడా ఉంటే చెక్కి, కమ్మీ శుభ్రం చేసి, మళ్లీ పూడ్చుకోవచ్చు. క్లోరైడు (ఉప్పు) సిమెంటు బరువులో 0.4 శాతం దాటి, అది గ్యాలరీ అంతటా పాకి ఉంటే మరమ్మతు చేసిన ముక్క పక్కనే మళ్లీ తుప్పు లేస్తుంది. అప్పుడు గ్యాలరీ మీద ఆశ వదులుకోవడమే నయం.

గ్యాలరీ పోయినంత మాత్రాన భవనం పోయినట్టు కాదు. పైకప్పు స్తంభాలు, గ్యాలరీ విడివిడిగా నిలబడ్డాయా, ఒకదాని మీద ఒకటి ఆధారపడ్డాయా అన్నది డ్రాయింగుల్లో మొట్టమొదట వెతకాలి. అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో 1960 నాటి మెమోరియల్ కొలీజియం పైకప్పు నాలుగే నాలుగు స్తంభాల మీద ఉంటుంది, గ్యాలరీ లోపల వేరే గిన్నెలా కూర్చుంటుంది. అలాంటిదైతే ఒకటి ఉంచి ఇంకోటి మార్చుకోవచ్చు.


జవాబు 2 (అరీనా నిర్వహణ)

పై లెక్కలన్నీ బాగున్నాయి. నిలబడగలదా అన్నది తేలాక, నడవగలదా అన్నది మిగులుతుంది. మంచి పైకప్పు ఉండి కూడా ఖాళీగా పడి ఉన్నవి చాలానే ఉన్నాయి.

ముందు టేపు పట్టుకుని నేల కొలవండి. హాకీ రింకు 61×26 మీటర్లు, బాస్కెట్‌బాల్ కోర్టు 28.65×15.24. హాకీకి కట్టిన గిన్నెలో బాస్కెట్‌బాల్ పట్టేస్తుంది, ముందు వరస కాస్త దూరమవుతుందంతే. తిరగేస్తే కుదరదు. సియాటిల్ అరీనాని 1990ల్లో బాస్కెట్‌బాల్ కొలతకు మార్చేశారు, తర్వాత హాకీకి అది ఇరుకైపోయింది. మీది హాకీ గిన్నె కావడం పెద్ద ఆస్తి. ముందు వరసలు పెంచే నెపంతో దాన్ని కుదించనివ్వకండి.

రెండోది జనం బయటపడటం. పాత అరీనాలు లైసెన్సు దగ్గర ఓడిపోయేది ఎక్కువగా ఇక్కడే. బ్రిటన్‌లో క్రీడామైదానాలకు వాడే గ్రీన్ గైడ్ లెక్క తీసుకుందాం. మెట్ల మీద మీటరు వెడల్పుకి నిమిషానికి 66 మంది, చదునైన దారిలో 82 మంది, ఖాళీ అవడానికి గరిష్ఠంగా 8 నిమిషాలు. 8,000 మందిని 8 నిమిషాలకు పంచితే నిమిషానికి వెయ్యి మంది. వెయ్యిని 66తో భాగిస్తే 15.15 మీటర్లు. అంటే అన్ని మెట్ల దారులూ కలిపి అంత వెడల్పు ఉండాలి, 1.2 మీటర్ల వెడల్పు మెట్ల దారులైతే 13 కావాలి. మీ దగ్గర తొమ్మిదే ఉంటే గోడలు పగలగొట్టి మెట్లు పెంచాలి, లేదా సీట్లు 5,700కి తగ్గించుకోవాలి. నిజానికి తగ్గించుకోవడమే చాలాసార్లు తెలివైన పని. ఊరి అంచున పెద్దది ఉన్నాక నడిబొడ్డున అంతే పెద్దదాన్ని పోటీకి నింపాలనుకోవడం ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరినట్టే. 4,000 నుంచి 5,500 మందికి సరిపోయే హాలు వేరే అవసరం తీరుస్తుంది.

పాత సీట్ల వరసలు 700, 750 మిల్లీమీటర్ల లోతే ఉంటాయి. మోకాళ్లు ముందు సీటుకి తగులుతాయి. ఇప్పుడు కనీసం 800 కావాలంటారు. ప్రీకాస్టు మెట్టు లోతు పెంచలేం కాబట్టి వరసలు పీకి రెండిటి చోట ఒకటి వేయడమో, పై గ్యాలరీ మొత్తం మూసేయడమో చేయాలి. చూపు లెక్క కూడా అప్పుడే వేయించండి. ముందువాడి తల మీదుగా వెళ్లే చూపుకి 90 మిల్లీమీటర్ల ఎడం ఉంటే హాయి, 60కి తగ్గితే గొడవలు.

సామాను దిగే దారి గురించి ఎవరూ మాట్లాడరు. పెద్ద కచేరీ 15 నుంచి 20 లారీల్లో వస్తుంది. నేల వీధికి 6 మీటర్ల కింద ఉందంటే వాలు 10 శాతం పెట్టినా ర్యాంపు 60 మీటర్లు, పైన కింద లారీ మలుపు అదనం. ర్యాంపు లేకుండా లిఫ్టుతో దించే ఏర్పాటైతే, రాత్రి ఆట ముగించి తెల్లారేసరికి కచేరీ పెట్టడం జరగని పని. డాకు (లారీ ఆనించి సామాను దించే గట్టు) ఒక్కటే ఉంటే బుకింగు ఏజెంటు ఫోను పెట్టేస్తాడు.

వేలాడదీసేటప్పుడు ఒక జాగ్రత్త. కచేరీ సామాను పైకెత్తే ఒక టన్ను చైన్ మోటార్లు అరవై డెబ్బై ఉంటాయి. వాటిని ట్రస్సు కింది కడ్డీకి ఎక్కడపడితే అక్కడ తగిలిస్తారు. కడ్డీలు కలిసే ముడి దగ్గర తగిలిస్తే సరే. రెండు ముడుల నడుమ తగిలిస్తే లాగుడు మోయాల్సిన కడ్డీ దూలంలా వంగుతుంది. ముడుల నుంచి దించిన శాశ్వత గ్రిడ్డు ఒకటి కట్టి, అనుమతించిన బరువు ప్రతి ముడి దగ్గరా పెయింటుతో రాసి ఉంచాలి.


జవాబు 3 (కూల్చివేత పనులు)

ఇల్లు కట్టి చూడమన్నారు గానీ పడగొట్టి చూడమని ఎవరూ అనలేదు. అందుకేనేమో ఆ ఖర్చు అందరికీ చిన్నగా కనిపిస్తుంది.

టీవీలో చూసే పేల్చివేత గుర్తొస్తుంది అందరికీ. సియాటిల్ కింగ్‌డోమ్ స్టేడియం 2000 మార్చి 26న 16.8 సెకన్లలో నేలమట్టమైంది, నిజమే. ఆ సెకన్ల ముందు నెలల తరబడి జరిగే పని ఎవరికీ కనిపించదు. మీ భవనంలో ఆ పని ఇలా ఉంటుంది.

ముందు ఆస్బెస్టాస్, పీలిస్తే ఊపిరితిత్తులు దెబ్బతినే నార. 1966 నాటి స్టీలు ట్రస్సుల మీద నిప్పు తట్టుకోవడానికి చల్లిన పూత ఉంటే అది ఆస్బెస్టాస్ అనే అనుకుని మొదలుపెట్టాలి. అమెరికాలో అలా చల్లడాన్ని 1973లో ఆపారు, అంతకుముందువి దాదాపు అన్నీ అనుమానాస్పదమే. గొట్టాల చుట్టు, నేల పలకలు, పలకల కింది జిగురు కూడా. పాత ట్యూబులైట్ల చోకుల్లో, సందుల్లో నింపిన మెత్తటి సీలెంటులో పీసీబీలు అనే విష రసాయనాలు, స్టీలు రంగులో సీసం. ట్రస్సుని గ్యాసుతో కోస్తే సీసం పొగ కార్మికుడి ముక్కులోకే వెళుతుంది. కోసే గీత పొడవునా రంగు ముందే తీసేయాలి. ఇదంతా ఉంచడానికైనా చేయాల్సిందే కదా అంటారు. నిజం. పడగొట్టడంలో మాత్రం ఒక్క చదరపు అడుగు కూడా "కప్పి వదిలేద్దాం" అనడానికి ఉండదు.

తర్వాత పైకప్పు దించడం. చావులు జరిగేది ఇక్కడే. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో 160 మీటర్ల వ్యాసం ఉన్న పాత క్రీడా-కచేరీ భవనం కప్పుని 2020 జనవరి 31న విప్పుతుండగా అది ఉన్నట్టుండి మొత్తం కూలింది, పైన పనిచేస్తున్న కార్మికుడు చనిపోయాడు. చుట్టూ బిగువుతో నిలబడే కప్పు ఒకచోట తెగితే మిగతాదంతా తన దారి తను చూసుకుంటుంది. మీవి వరస ట్రస్సులు కాబట్టి అంత ప్రమాదం లేదు, అయినా వాటిని పక్కకి పడకుండా ఆపేది మధ్యనున్న అడ్డకట్లే. చివరి నుంచి వరసగా రావాలి. ట్రస్సుని క్రేను పట్టుకున్నాకే అడ్డకట్టు కోయాలి, అది కూడా రెండు ట్రస్సుల నడుమనున్న ఆ ఒక్క గడిదే. 84 మీటర్ల ట్రస్సు ఒకేసారి దింపే క్రేనుకి నడిబొడ్డున చోటు దొరకదు. కింద టవర్లు పెట్టి మూడు ముక్కలుగా కోయాలి, ఆ టవర్లు నిలబడే ఆటస్థలం స్లాబు మోస్తుందో లేదో చూడాలి.

అన్నిటికంటే ఖరీదైనది ఆ గొయ్యి. మీ గోడల వెనక 6 మీటర్ల మట్టి ఉంది, దాని వెనక రోడ్డు, రోడ్డు కింద మురుగుగొట్టం. ఆ గోడని ఇంతకాలం లోపలి గ్యాలరీ దూలాలు ఆనించి నిలబెట్టి ఉండొచ్చు. గ్యాలరీ తీసేస్తే గోడ ఒంటరి. ముందు గోడని వెనక మట్టికి బిగించే యాంకర్లు దింపాలి, లేదా లోపల మట్టి పోస్తూ పైకి రావాలి. భూగర్భజలం వీధికి 2 మీటర్ల కింద ఉంటే నేల స్లాబుని కింది నుంచి చదరపు మీటరుకి 4 టన్నులతో నీళ్లు తోస్తుంటాయి. 150 మిల్లీమీటర్ల స్లాబు బరువు 0.36 టన్నులే. ఇన్నాళ్లూ పైకి లేవలేదంటే కింద ఎక్కడో డ్రెయిను, దానికో పంపు తిరుగుతోందన్నమాట. ఆ పంపు ఏదో కనుక్కోకుండా కరెంటు కట్ చేయించొద్దు.

గొయ్యి పూడ్చడానికి 30 వేల ఘనపు మీటర్లు కావాలనుకోండి. పిండి చేసిన కాంక్రీటు మీ భవనం నుంచే 10, 12 వేలు వస్తుందనుకున్నా మిగతాది బయటి మట్టే. పది ఘనపు మీటర్ల లారీలు 1,800కి పైగా, నడిబొడ్డు రోడ్ల మీద. పైగా, తర్వాత అక్కడ కట్టేవాడికి సెల్లారు కావాలంటే అదే మట్టి మళ్లీ తవ్వుతాడు. కొనేవాడు ఖరారయ్యాకే పూడ్చడం గురించి ఆలోచించండి.


జవాబు 4 (నగర ప్రణాళిక, వారసత్వ కట్టడాలు)

ముగ్గురూ భవనాన్ని యంత్రంలా చూశారు, తప్పులేదు. "చరిత్ర" అన్న మాట తీసి అవతల పెట్టేస్తే మాత్రం సగం నిర్ణయం గాల్లోనే ఉంటుంది.

చరిత్ర ఎప్పుడూ ఉంచాలనే వైపే మాట్లాడదు. పిట్స్‌బర్గ్ సివిక్ అరీనా 1961 నాటిది. 415 అడుగుల వ్యాసం, తెరుచుకునే స్టెయిన్‌లెస్ స్టీలు గోపురం, ఇంజినీరింగులో అరుదైనది. దాన్ని కట్టడానికి లోయర్ హిల్ పేటని నేలమట్టం చేసి దాదాపు 8,000 మందిని ఖాళీ చేయించారు, ఎక్కువమంది నల్లజాతివాళ్లు. 2011లో పడగొట్టడం మొదలుపెట్టినప్పుడు వారసత్వవాదులు గోపురం గురించి ఏడిస్తే, ఆ పేటవాళ్ల పిల్లలు కొందరు ఊపిరి పీల్చుకున్నారు. ఆ తర్వాత స్థలం ఏళ్ల తరబడి పార్కింగుగానే ఉండిపోయింది. అంటే భవనమూ పోయింది, పేటా రాలేదు. కాబట్టి మీ అరీనా కింద ఇంతకుముందు ఏముండేదో పాత పటాల్లో చూడకుండా ఏ వైపూ మాట ఇవ్వకండి.

ఉంచిన ఉదాహరణల్లో కూడా ఏం ఉంచారన్నది వేరువేరు. సియాటిల్‌లో 1962 ప్రపంచ ప్రదర్శనకు పాల్ థైరీ గీసిన భవనంలో చివరికి మిగిల్చింది పైకప్పు, ముఖభాగం. దాదాపు 20,000 టన్నుల ఆ కప్పుని తాత్కాలిక స్టీలు మీద నిలబెట్టి, కింద అంతా తవ్వి, కొత్త అరీనా కట్టి 2021లో తెరిచారు. వంద కోట్ల డాలర్లు దాటింది. అది అందరికీ నమూనా కాదు, ప్రైవేటు డబ్బు, హాకీ జట్టు రెండూ వెనకుంటేనే. బార్సిలోనాలో 1900 నాటి ఎద్దులపోటీల రంగస్థలం లాస్ అరేనాస్‌కి ఇటుక వలయం మాత్రమే ఉంచి, లోపల దుకాణాలు పెట్టి 2011లో తెరిచారు. నిజం చెప్పాలంటే అది కూల్చివేతే, చొక్కా మాత్రం మిగిల్చారు.

నా ఓటు కాన్సస్ సిటీ, టొరంటో దారికి. పైన చెప్పిన కెంపర్ అరీనాయే, కూలిన కప్పుని బాగుచేసి దశాబ్దాలు నడిపారు. కొత్తది వచ్చాక పడగొడదామనుకుని, చివరికి నడుమ ఇంకో అంతస్తు వేసి 2018లో పిల్లలూ పెద్దలూ ఆడుకునే కోర్టుల భవనంగా తెరిచారు. వేల సీట్లు పోయాయి, వాడకం మాత్రం రోజంతా ఉంటుంది. మేపుల్ లీఫ్ గార్డెన్స్‌లో కింద సరుకుల దుకాణం 2011లో వచ్చింది, పైన గోపురం కింద విశ్వవిద్యాలయం ఐస్ రింకు మరుసటి ఏడాది. గమనించారా, రెండు చోట్లా అడ్డం లేని ఆ పెద్ద ఖాళీనే ఆస్తిగా వాడుకున్నారు. 84 మీటర్ల మేర నడుమ స్తంభం లేని గది ఈ రోజు నడిబొడ్డున కొత్తగా కట్టడం తేలిక కాదు. నడుమ అంతస్తు వేస్తే దాని బరువు పైకప్పు మీద పడకుండా సొంత స్తంభాలు, సొంత పునాదులు ఉండాలి, జవాబు 1 రాసినవారు ఇది ఒప్పుకుంటారనుకుంటాను.

నిర్ణయం తీసుకోకపోవడం కూడా ఒక నిర్ణయమే. హ్యూస్టన్ ఆస్ట్రోడోమ్ స్టేడియం 1965 నాటిది. మూతబడి ఏళ్లు గడిచాయి, 2017లో రాష్ట్రం రక్షిత కట్టడంగా గుర్తించింది, అయినా వాడకానికి రాలేదు. అనుమతి లేకుండా పడగొట్టడానికీ వీల్లేదు, వాడడానికీ డబ్బు లేదు.


ప్రశ్న అడిగినవారు

చాలా థాంక్సండీ. రెండు చిన్న సందేహాలు. ఆటస్థలం నేల మధ్యలో 30 మిల్లీమీటర్ల దాకా కుంగి పగిలింది. పునాది కుంగుతోందనడానికి పడగొట్టే వర్గం దీన్నే చూపిస్తోంది. రెండోది, తేల్చుకునేదాకా భవనాన్ని ఎలా కాపాడాలి?


జవాబు 5 (శీతలీకరణ, ఐస్ ప్లాంట్లు)

నేల కుంగింది కాబట్టి పునాది పోయిందనడం తొందరపాటు. ఐస్ స్లాబు కింద ఇన్సులేషన్, దాని కింద మట్టిని వెచ్చగా ఉంచే గొట్టాలు ఉంటాయి. 1960ల వాటిలో ఆ వెచ్చని గొట్టాలు లేకపోవడమో, ఎప్పుడో మూసుకుపోవడమో మామూలే. అప్పుడు మట్టిలోని తేమ ఏళ్ల తరబడి గడ్డకట్టి నేలని పైకి ఉబ్బిస్తుంది. ప్లాంటు ఆపాక ఆ గడ్డ మెల్లగా కరిగి నేల కిందికి దిగుతుంది, ఏడాదికి పైనే పట్టొచ్చు. మీకు రెండేళ్లయింది, లెక్క కుదురుతోంది. స్లాబుకి 50 మిల్లీమీటర్ల రంధ్రం వేసి, మీటరు, రెండు మీటర్ల లోతుల్లో ఉష్ణోగ్రత చూడండి. నేల స్లాబు స్తంభాలకు అతికి ఉండదు కాబట్టి స్తంభాల మట్టాలు విడిగా తీయించండి. అవి కదలకపోతే ఈ పగులు నేలదే, భవనానిది కాదు.

ఇక అమ్మోనియా. ప్లాంటు ఆపారు సరే, అమ్మోనియా తీసేశారా? ఆపడం వేరు, ఖాళీ చేయడం వేరు. 2017 అక్టోబరులో కెనడాలోని ఫెర్నీ అరీనాలో పాతబడ్డ చిల్లరు (చల్లబరిచే యంత్రం) గొట్టం నుంచి అమ్మోనియా, నేలని చల్లబరిచే ఉప్పునీళ్ల లైనులోకి కారింది. ముగ్గురు చనిపోయారు. మీ ఉప్పునీళ్ల ట్యాంకు నుంచి నమూనా తీసి అమ్మోనియా పరీక్ష ఈ వారమే చేయించండి. ఉందని తేలితే ఆ గదికి తాళం వేసి లైసెన్సున్న మనుషుల్ని పిలవాలి, కిటికీ తెరిచి చూడటాలు వద్దు.


జవాబు 1 (మళ్లీ)

నడుమ అంతస్తుకి సొంత స్తంభాలు ఉండాల్సిందే, ఒప్పుకుంటాను. ఆ పునాదులు తవ్వేటప్పుడు జవాబు 3లో చెప్పిన నీటి తోపుడు గుర్తుంచుకోవాలి.

కాపాడటానికి పెద్ద జాబితా అక్కర్లేదు. పైకప్పు డ్రెయిన్లు నెలకోసారి, ఆకులు రాలే కాలంలో వారానికోసారి శుభ్రం చేయాలి. ప్రతి డ్రెయినుకీ పక్కన, కాస్త ఎత్తులో కప్పు అంచు గోడకి చిల్లు పెట్టి ఎమర్జెన్సీ దారి ఇవ్వాలి, డ్రెయిను మూసుకుపోయినా నీళ్లు నిలవకుండా. చలి ప్రాంతమైతే స్ప్రింక్లరు గొట్టాలు పగలకుండా లోపల 5 డిగ్రీల పైన ఉంచాలి, లేదా ఆ లైనుని గాలితో నింపే పద్ధతికి మార్చాలి, అంతేగాని ఖాళీ చేసి వదిలేయొద్దు. ఖాళీ భవనాలకు నిప్పు పెద్ద ముప్పు. కూలింగ్ టవర్లో నిలవనీరు బయటికి తీసేయాలి. గాలి ఆడే ఫ్యాన్లలో రెండైనా నడవాలి, లేకపోతే చెమ్మ ట్రస్సుల మీద చేరి కారుతుంది. దాన్నే మీవాళ్లు వాన కారడం అనుకుంటున్నారేమో కూడా చూడండి. వాన లేని తెల్లవారుజామున కూడా కారితే అది కప్పు లోపం కాదు.

పరీక్షల వరస కూడా చెబుతాను. మొదటి రెండు వారాల్లో డ్రాయింగులు వెతకడం, అమ్మోనియా, డ్రెయిన్లు. ఆ తర్వాత మట్టాలు, పైకప్పు ముక్కల తూకం. ఈ రెండిటితోనే కప్పు సంగతి ముప్పాతిక తేలిపోతుంది, అందులో ఫెయిలైతే కాంక్రీటు కోర్లకి ఖర్చు పెట్టనక్కర్లేదు. పాసైతే స్టీలు ముక్కలు, అతుకుల పరీక్ష, గ్యాలరీ కోర్లు, చివరగా మెట్ల వెడల్పు లెక్క. మొత్తం మూడు నాలుగు నెలల పని. డ్రాయింగులు నగరపాలక సంస్థలో దొరక్కపోతే స్టీలు తయారుచేసినవాళ్ల షాపు డ్రాయింగుల (ఫ్యాక్టరీలో ఒక్కో ముక్క చేయడానికి గీసినవాటి) కోసం వెతకండి. బోల్టు రకం, కడ్డీ అసలు మందం ఉండేది వాటిలోనే. జవాబు 3లో చెప్పిన ఆ పంపు గది ఎక్కడుందో కూడా పాత ప్లంబింగు షీటులో కనబడుతుంది. కరెంటు వాళ్లు వచ్చేలోపు ఆ షీటు చూడండి.